బండి నడుపుతూ సెల్‌ఫోన్: తరచుగా అడిగే ప్రశ్నలు

బైకు, స్కూటీ, కారు, ఆటో, లారీ... ఏది నడిపేవారైనా మళ్లీ మళ్లీ అడిగే సందేహాలు ఇవి. మోటారు వాహనాల చట్టం గురించి రాసినవి దేశమంతటికీ వర్తిస్తాయి. రాష్ట్రాన్ని బట్టి మారే సంగతులను అక్కడికక్కడే చెప్పాం.

ఒక్క క్షణం ఫోన్ చూస్తే మునిగిపోయేదేముంది?

లెక్క వేసి చూద్దాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. స్క్రీన్ మీద పేరు చదవడానికి తల దించి ఎత్తేలోపు రెండు సెకన్లు పడతాయి. అంటే 33 మీటర్లు, ఒకదాని వెనక ఒకటి నిలబెట్టిన మూడు బస్సుల పొడవుకు కాస్త తక్కువ, మీరు రోడ్డు చూడకుండా దాటేశారు. తల ఎత్తగానే ముందు ఆటో ఆగి కనిపించిందనుకోండి. కాలు బ్రేక్ మీదికి వెళ్లడానికి ఇంకో సెకను, మరో 17 మీటర్లు. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేక్ నొక్కితే ఆగడానికి ఇంకో 20 మీటర్లు. మొత్తం 70. అదే ఫోన్ చూడకుండా ఉంటే 37 మీటర్లలో ఆగేది. వానకు తడిసిన రోడ్డయితే బ్రేక్ వేశాక పట్టే దూరమే రెట్టింపుకు దగ్గరవుతుంది.

వాట్సాప్ మెసేజ్ ఒకటి తెరిచి చదవడానికి అయిదు సెకన్లు చాలు. 80 వేగంలో ఆ అయిదు సెకన్లలో 111 మీటర్లు వెళ్లిపోతారు. హైవే మీద ఊరి మధ్య డివైడర్ ఖాళీలోంచి టీవీఎస్ ఎక్సెల్ మీద ఓ రైతు అడ్డంగా రావడానికి అంత దూరం అక్కర్లేదు.

నేను బ్లూటూత్‌లోనే మాట్లాడతా, రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉంటాయి. ఇంకేం ఇబ్బంది?

ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. ఫోన్ మూడింటిని లాక్కుంటుంది: కన్ను, చెయ్యి, ధ్యాస. బ్లూటూత్ వల్ల చెయ్యి ఖాళీ అవుతుంది, కన్ను కొంత ఖాళీ అవుతుంది. ధ్యాస మాత్రం అవతలి మనిషి దగ్గరే ఉంటుంది. ఫోన్ వాడుతూ నడిపేవారికి ప్రమాదం జరిగే అవకాశం దాదాపు నాలుగు రెట్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఫోన్ చేత పట్టుకోకుండా మాట్లాడే హ్యాండ్స్‌ఫ్రీ పద్ధతి అంతకంటే పెద్దగా సురక్షితం కాదని కూడా అదే సంస్థ మాట. 1997లో టొరంటోలో ప్రమాదాలకు గురైన డ్రైవర్ల ఫోన్ బిల్లులు పరిశీలించిన వైద్య పరిశోధకులకు కూడా ఈ నాలుగు రెట్ల లెక్కే తేలింది.

అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో డ్రైవింగ్ సిమ్యులేటర్ మీద కూర్చోబెట్టి, కంటిచూపు ఎటు పోతోందో కొలిచే పరికరం పెట్టి చూశారు. హ్యాండ్స్‌ఫ్రీలో మాట్లాడుతున్నవారి కళ్లు ఎదురుగా ఉన్న వస్తువు మీద నిలిచినా, ఆ వస్తువు ఉన్నట్టు తర్వాత వాళ్లకు గుర్తు లేదు. చూపు ఉంది, చూడటం లేదు. ‘అన్నా, నిజంగా కనిపించలేదు’ అని ప్రమాదం తర్వాత డ్రైవర్ అనే మాట చాలాసార్లు అబద్ధం కాదు. అదే అసలు భయపడాల్సిన సంగతి.

ఎదుటి కారు డ్రైవర్ కాల్‌లో ఉన్నాడని బయటి నుంచే పసిగట్టవచ్చు. వేగం ఊరికే తగ్గుతుంది, పెరుగుతుంది. గ్రీన్ పడ్డాక రెండు మూడు సెకన్లు కదలడు. లైను మీద అటూ ఇటూ ఊగుతాడు. అద్దం చూడకుండా పక్క లైనులోకి వస్తాడు. అలాంటి బండి వెనక దూరం పెంచుకోండి.

మరి పక్క సీట్లో ఉన్నవాళ్లతో మాట్లాడటం మాటేమిటి?

పక్కన కూర్చున్న మనిషికి కూడా రోడ్డు కనిపిస్తుంది. లారీని ఓవర్‌టేక్ చేస్తుంటే ఆయనే నోరు మూసుకుంటాడు, ఒక్కోసారి ‘చూసుకో, ఎడమ పక్క బైకు’ అని అరుస్తాడు కూడా. ఫోన్‌లో ఉన్న మనిషికి మీ ముందు గేదె వచ్చిందని తెలియదు. ‘హలో, వినపడుతోందా’ అంటూనే ఉంటుంది. పక్క మనిషితో గొడవ పడుతుంటే మాత్రం అది కూడా ఫోన్‌కు తీసిపోదు.

హెల్మెట్‌లో ఫోన్ ఇరికించుకుంటే చేతులు ఖాళీగా ఉంటాయి కదా?

చేతులు ఖాళీ అవుతాయి, హెల్మెట్ పని చెడుతుంది. హెల్మెట్ లోపలి థర్మాకోల్ లాంటి పొర తలకు నాలుగు వైపులా సమానంగా అతుక్కుని ఉంటేనే దెబ్బ తీవ్రతను అది మింగుతుంది. చెంపకీ ఆ పొరకీ మధ్య గాజు, లోహం ఉన్న ఫోన్ దూరిస్తే ఒక పక్క హెల్మెట్ పైకి లేచి వదులవుతుంది. పడ్డప్పుడు అది తిరిగిపోతుంది, లేదా ఊడిపోతుంది. ఫోన్ అంచు నేరుగా చెంప ఎముకకు, కణతకు గుచ్చుకుంటుంది. పైగా చాలామంది ఫోన్ దూర్చడం కోసం గడ్డం కింది పట్టీ పెట్టుకోరు.

భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి మాట్లాడటం ఇంకా అన్యాయం. తల ఒక పక్కకు వాలిపోతుంది, ఆ వైపు అద్దం కనిపించదు, వాలిన వైపే బండి లాగుతుంది. గతుకు రాగానే ఫోన్ జారుతుంది, చెయ్యి దానంతటదే హ్యాండిల్ వదిలి ఫోన్ వెనక పోతుంది.

ఎడమ చేత్తో ఫోన్ పట్టుకుంటే, కుడి చేత్తో బండి అదుపులోనే ఉంటుంది కదా?

మీ ఎడమ చేతి కింద ఏముందో చూడండి. గేర్ల బైకులో క్లచ్ అక్కడే ఉంది. హారన్, ఇండికేటర్, డిమ్-డిప్ స్విచ్ కూడా సాధారణంగా అక్కడే. గేర్లు లేని స్కూటీలో అయితే ఎడమ లివర్ వెనక బ్రేకు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ లోపు బళ్లకు రెండు చక్రాల బ్రేకులు కలిసి పడే ఏర్పాటు తప్పనిసరి చేశారు. స్కూటీలో ఆ ఏర్పాటు పనిచేసేది ఈ ఎడమ లివర్‌తోనే. ఫోన్ కోసం మీరు వదులుకున్నది సరిగ్గా దాన్నే.

ఇక మిగిలింది కుడి చేతిలో ముందు బ్రేకు. కంగారులో ఒంటి చేత్తో దాన్ని గట్టిగా పట్టేస్తే ఒంటి బరువంతా ముందుకు, ఆ ఒక్క చేతి మీదికి వస్తుంది. హ్యాండిల్ ఒక పక్కకు మెలిక తిరుగుతుంది. కింద ఇసుకో, తారు మీద నీళ్లో ఉంటే ముందు చక్రం జారుతుంది. ముందు చక్రం జారాక బండిని నిలబెట్టుకోవడం అనుభవం ఉన్నవాళ్ల వల్ల కూడా కాదు.

చట్టం ప్రకారం శిక్ష ఏమిటి?

మోటారు వాహనాల చట్టం 1988లోని 184వ సెక్షన్ ప్రమాదకరమైన డ్రైవింగ్ గురించి. 2019 సవరణ ఆ ఏడాది సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చింది. బండి నడుపుతూ చేత పట్టుకునే ఫోన్ లాంటి పరికరాలు వాడటాన్ని, సిగ్నల్ దాటేయడం, రాంగ్ రూట్‌తో పాటు, అప్పుడే ఈ సెక్షన్‌లో చేర్చారు. మొదటిసారి దొరికితే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మూడేళ్లలోపు మళ్లీ దొరికితే రెండేళ్ల దాకా జైలు, లేదా 10,000 రూపాయలు, లేదా రెండూ.

కోర్టుకు పోకుండా రోడ్డు మీదే చలానా కట్టే సొమ్మును 200వ సెక్షన్ కింద ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం జీవో ఇచ్చి నిర్ణయిస్తుంది. హైదరాబాద్‌లో కట్టిన మొత్తానికీ విజయవాడలో కట్టిన మొత్తానికీ తేడా ఉండటానికి కారణం ఇదే. బంధువు ఎంత కట్టాడో అడిగి లాభం లేదు, మీ చలానా మీద ఉన్నదే మీ లెక్క.

డబ్బు కంటే పెద్ద దెబ్బ లైసెన్స్ మీద పడుతుంది. 206వ సెక్షన్ ప్రకారం 184 కింద తప్పు చేశాడని నమ్మిన పోలీసు అధికారి లైసెన్స్ స్వాధీనం చేసుకుని రవాణా శాఖకు పంపాలి. సుప్రీంకోర్టు నియమించిన రోడ్డు భద్రతా కమిటీ 2015లోనే, ఫోన్ మాట్లాడుతూ నడిపేవారి లైసెన్స్‌ను కనీసం మూడు నెలలు సస్పెండ్ చేయమని రాష్ట్రాలను ఆదేశించింది. సస్పెండ్ చేసే ముందు మీ వాదన వినాలి, కాబట్టి ఆర్టీఏ నుంచి నోటీసు వస్తే పక్కన పడేయకుండా వెళ్లండి.

ఇయర్‌బడ్స్ పెట్టుకుంటే కూడా చలానా వేయొచ్చా?

184లో ఉన్న మాట ‘చేత పట్టుకునే’ పరికరం. చెవిలో ఉన్నది చేతిలో లేదు కదా అని వాదించవచ్చు. కానీ అదే సెక్షన్ చివర్లో, జాగ్రత్తగల డ్రైవర్ నుంచి ఆశించే స్థాయికి బాగా తక్కువగా, ప్రమాదకరమని ఎవరికైనా తెలిసేలా నడిపినా నేరమేననే మాట ఉంది. కాబట్టి చట్టం పట్టదని ధీమాగా ఉండకండి.

వాదన పక్కన పెడితే, రెండు చెవుల్లోనూ బడ్స్ పెట్టుకుని బైకు నడపడం చెవులు మూసుకుని నడపడమే. ముఖ్యంగా బయటి శబ్దాన్ని ఆపే నాయిస్ క్యాన్సిలింగ్ రకం. వెనక నుంచి వస్తున్న అంబులెన్స్ సైరన్ పక్కకు వచ్చేదాకా వినిపించదు.

రెడ్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు చూసుకోవచ్చా?

వద్దు. ఇంజిన్ నడుస్తూ, రోడ్డు మధ్యలో, ట్రాఫిక్‌లో ఉన్నారు. మీరు ఇంకా డ్రైవింగ్‌లో ఉన్నట్టే, చౌరస్తా కెమెరాకు కూడా అలాగే కనిపిస్తారు. ఇంకో సంగతి: ఫోన్ పక్కన పెట్టగానే మనసు రోడ్డు మీదికి రాదు. అమెరికాలోని రోడ్డు భద్రతా పరిశోధన సంస్థ ఏఏఏ ఫౌండేషన్ 2015లో కార్లలోని వాయిస్ కమాండ్ వ్యవస్థలను పరీక్షించినప్పుడు, కొన్నింటిలో పని ముగిశాక కూడా 27 సెకన్ల దాకా ధ్యాస పూర్తిగా తిరిగి రాలేదని తేలింది. గ్రీన్ పడ్డాక చౌరస్తా దాటడానికి అందులో సగం సమయం చాలు. కూడలిలో అడ్డంగా ఎవరెవరు వస్తారో మనకు తెలియంది కాదు.

గూగుల్ మ్యాప్స్ చూస్తే చలానా వేస్తారా?

2020 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉన్న కేంద్ర నిబంధనల ప్రకారం, నడిపేటప్పుడు ఇలాంటి పరికరాన్ని దారి చూసుకోవడానికి మాత్రమే, అది కూడా ఏకాగ్రత చెదరకుండా వాడవచ్చు. హోల్డర్‌లో పెట్టిన మ్యాప్‌తో ఇబ్బంది ఉండకూడదు. చేతిలో పట్టుకున్న మ్యాప్‌తో ఉంటుంది. ఫొటోలో మీరు మ్యాప్ చూస్తున్నారో రీల్స్ చూస్తున్నారో ఎవరికి తెలుస్తుంది?

సరిగా వాడే పద్ధతి ఇదీ. బండి కదలక ముందే గమ్యం పెట్టి, రూటు మొత్తం ఒకసారి చూసుకోండి. ఎక్కడ ఫ్లైఓవర్ ఎక్కాలి, ఎక్కడ కింది నుంచి పోవాలి అన్నది ముఖ్యంగా చూడండి. మెహిదీపట్నం దగ్గర పీవీ ఎక్స్‌ప్రెస్‌వే కావచ్చు, బెజవాడ బెంజి సర్కిల్ కావచ్చు, మీరు పైనున్నారో కింద ఉన్నారో జీపీఎస్‌కు సరిగా తెలియదు. డ్రైవర్లు తడబడి, స్క్రీన్ వేలితో జరిపి, చివరి క్షణంలో లైను మారేది అలాంటి చోట్లే. అక్కడ మ్యాప్‌ను కాదు, పైన కట్టిన పచ్చ బోర్డును నమ్ముకోండి.

మ్యాప్స్ 2018 నుంచి తెలుగులోనూ దారి చెబుతోంది. భాష తెలుగుకు మార్చి, వాల్యూమ్ పెంచితే స్క్రీన్ చూడాల్సిన అవసరం సగానికి సగం తగ్గుతుంది. సిగ్నల్ అందని ఘాట్ రోడ్లకు, అంటే శ్రీశైలం, అరకు వంటి దారులకు, ఇంట్లో వైఫై ఉన్నప్పుడే ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకోండి. మలుపు తప్పితే తప్పింది. అదే కొత్త దారి చెబుతుంది, మీరు రివర్స్ తీయొద్దు.

కారులోని స్క్రీన్‌కు అమెరికా రోడ్డు భద్రతా సంస్థ 2013లో పెట్టిన కొలత గుర్తుంచుకోదగ్గది: ఒక చూపు రెండు సెకన్లు దాటకూడదు, ఒక పని మొత్తానికి అన్ని చూపులూ కలిపి 12 సెకన్లు దాటకూడదు. అంతకంటే ఎక్కువ పట్టే పని బండి ఆపి చేసుకోవాల్సిందే.

హోల్డర్ ఎక్కడ బిగించాలి?

కారులో అయితే తల తిప్పకుండా కళ్లు మాత్రమే కాస్త దించితే కనిపించే చోట. ముందు అద్దం మధ్యలో వేలాడదీయకండి, ఎడమ పక్క నుంచి వచ్చే బైకు సరిగ్గా దాని వెనక దాక్కుంటుంది. డ్యాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ మూత ఉన్నచోట అంటించకూడదు, అది పేలితే ఫోన్ తుపాకి గుండులా వస్తుంది. రబ్బరు కప్పుతో అద్దానికి అంటుకునే రకం మన మే నెల ఎండకు పట్టు వదిలి, నడుస్తుండగా ఊడి పడుతుంది. ఏసీ గాలి వచ్చే చోట బిగించే రకం ఆ విషయంలో నయం. ఫోన్ కూడా వేడెక్కదు.

బైకుకు నాలుగు మూలలా పట్టే లోహపు క్లాంపు, కింద అదురు తగ్గించే రబ్బరు ముక్క ఉన్నది తీసుకోండి. ఇంజిన్ అదురు వల్ల ఫోన్ కెమెరా దెబ్బతినవచ్చని ఆపిల్ 2021లో హెచ్చరించింది. వానలో తడిసిన స్క్రీన్ తనంతట తనే నొక్కుకుంటుంది, మ్యాప్ మూసుకుపోయి ఇంకేదో తెరుచుకుంటుంది. అప్పుడు దాన్ని తుడవడం మొదలుపెట్టకుండా ఆపేయండి.

కాల్స్ రాకుండా ఫోన్‌లో ఏం మార్చాలి?

ఐఫోన్‌లో సెట్టింగ్స్, ఫోకస్, డ్రైవింగ్. మొదలయ్యే విధానానికి కారు బ్లూటూత్ కలవగానే అన్నది ఎంచుకోండి. ‘ఆటోమేటిక్’ అని పెడితే బస్సులో కూర్చున్నప్పుడు కూడా మీరే నడుపుతున్నారనుకుంటుంది. ఇందులో మెసేజ్ చేసినవారికి తనంతట తానే జవాబు పోతుంది, ఆ జవాబును తెలుగులో రాసిపెట్టుకోవచ్చు. కానీ అది మామూలు మెసేజ్‌లకే వెళ్తుంది, వాట్సాప్‌కు కాదు. మనవాళ్లంతా ఉండేది వాట్సాప్‌లోనే కాబట్టి దీని మీద మరీ ఆశ పెట్టుకోకండి.

ఆండ్రాయిడ్‌లో కంపెనీని బట్టి పేరు మారుతుంది. శాంసంగ్‌లో ‘మోడ్స్ అండ్ రొటీన్స్’లో డ్రైవింగ్ ఉంటుంది. మీ ఫోన్‌లో అలాంటిది కనపడకపోతే మామూలు డు నాట్ డిస్టర్బ్ చాలు. అందులో నక్షత్రం గుర్తు పెట్టిన నంబర్లకు మినహాయింపు ఇచ్చి, ఇంట్లోవాళ్లవి రెండో మూడో నంబర్లు మాత్రమే చేర్చండి. ఒకే మనిషి వెంటనే రెండోసారి చేస్తే మోగే ఏర్పాటు కూడా ఉంది: ఆండ్రాయిడ్‌లో 15 నిమిషాల్లోపు, ఐఫోన్‌లో మూడు నిమిషాల్లోపు. నిజంగా అత్యవసరమైతే మీకు తెలుస్తుంది. ఆ మోత వినగానే ఎత్తడం కాదు, ఆపడానికి చోటు చూసుకోవాలి.

ఇన్ని సెట్టింగుల కంటే గట్టి పని ఒకటుంది. ఫోన్‌ను వెనక సీట్లో ఉన్న బ్యాగులోనో, స్కూటీ డిక్కీలోనో పెట్టి బయల్దేరండి. అందనిదాన్ని ఎవరూ ఎత్తరు. ప్యాంటు జేబులో వైబ్రేషన్, చేతి గడియారంలో వచ్చే నోటిఫికేషన్ కూడా చూపు లాగేవే, వాటినీ ఆపండి.

నడుపుతుండగా ఫోన్ కాళ్ల దగ్గర పడింది. ఏం చేయాలి?

వంగొద్దు. వంగితే చేతితో పాటు స్టీరింగ్ తిరుగుతుంది, తల డ్యాష్‌బోర్డు కిందికి పోతుంది. ఎడమ ఇండికేటర్ వేసి, నెమ్మదిగా పక్కకు తీసి, ఆగి, హ్యాండ్‌బ్రేక్ లాగాకే వెతకండి. అది బ్రేక్ పెడల్ కిందికి దొర్లి పెడల్ దిగకపోతే, గేర్లు ఒక్కొక్కటీ తగ్గిస్తూ, హ్యాండ్‌బ్రేక్‌ను ఒక్కసారిగా కాక కొద్దికొద్దిగా లాగుతూ వేగం చంపండి. నీళ్ల సీసా కూడా సరిగ్గా ఇదే పని చేస్తుంది. డ్రైవర్ కాళ్ల దగ్గర సీసా పెట్టకండి.

హైవే మీద కాల్ తప్పదు. ఎక్కడ ఆపాలి?

తెల్ల గీత పక్కన ఆపడం ప్రమాదాన్ని తప్పించడం కాదు, ఇంకో రకం ప్రమాదాన్ని పిలవడం. రాత్రిపూట ఆగిన బండిని వెనక నుంచి గుద్దడం మన హైవేల మీద తరచూ జరిగేదే. పెట్రోలు బంకు, దాబా ఆవరణ, లారీలు ఆగేందుకు కట్టిన లే-బై, టోల్ ప్లాజా దాటాక ఉండే పార్కింగ్ స్థలం, సర్వీసు రోడ్డు... వీటిలో ఒకటి పది పదిహేను నిమిషాల్లో దొరుకుతుంది. అంతదాకా ఆగలేని కాల్ అరుదు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద బండి ఆపడమే నిషేధం, కాబట్టి ఎగ్జిట్ తీసుకుని దిగాక మాట్లాడండి. బండి చెడి ఆగిపోతే జాతీయ రహదారి మీద 1033, ప్రాణాపాయమైతే 112 లేదా 108. అందరూ దిగి, క్రాష్ బారియర్ అవతలికి వెళ్లి ఫోన్ చేయండి.

డెలివరీ, క్యాబ్ నడిపేవారి పని ఫోన్‌తోనే. వాళ్లేం చేయాలి?

‘ఫోన్ వాడకండి’ అని వాళ్లకు చెప్పడం తేలిక. ఆర్డరు వచ్చిందని మోగిన కొన్ని సెకన్లలో నొక్కకపోతే ఆ ఆర్డరు పోతుంది, పొట్ట మీద దెబ్బ. ఈ ఏర్పాటులోనే తప్పు ఉంది, దాన్ని మార్చాల్సింది యాప్ నడిపేవాళ్లు. అయినా రైడర్ చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. ఆర్డరు తీసుకున్న హోటల్ ముందే కస్టమర్‌కు ఫోన్ చేసి గుర్తులు అడిగేయండి: గుడి పక్కనా, ట్యాంకు ఎదురా, ఏ గేటు. దారిలో వచ్చే కాల్స్‌లో ఎక్కువ భాగం ఈ గుర్తుల కోసమే. ఫోన్ హోల్డర్‌లో, మ్యాప్ ద్విచక్ర వాహన మోడ్‌లో ఉండాలి. గొంతు వినాలంటే ఒక్క చెవిలోనే బడ్.

క్యాబుల్లో డ్యాష్‌బోర్డు మీద రెండు మూడు ఫోన్లు వరుసగా కనిపిస్తాయి. ట్రిప్ మొదలయ్యాక మిగతా యాప్‌లు ఆఫ్‌లైన్ చేస్తే చూడాల్సిన స్క్రీన్ ఒక్కటే మిగులుతుంది. కస్టమర్లకు ఓ మాట: మ్యాప్‌లో బండి కదులుతూ కనిపిస్తుంటే ‘ఎక్కడున్నావ్’ అని ఫోన్ చేయకండి.

నేనెక్కిన బస్సు డ్రైవర్ ఫోన్ మాట్లాడుతున్నాడు. ఏం చేయాలి?

నడుస్తున్న బస్సులో డ్రైవర్‌తో గొడవకు దిగొద్దు, అది ఇంకో పరధ్యానం. ఆర్టీసీ అయితే ముందు కండక్టర్‌కు చెప్పండి. బస్సు నంబరు, సమయం, రూటు రాసుకుని డిపోకు ఫిర్యాదు చేయండి. తెలంగాణ ఆర్టీసీ 2025 సెప్టెంబరు 1 నుంచి 11 డిపోల్లో, డ్రైవర్లు డ్యూటీ ఎక్కే ముందు ఫోన్లు డిపోలోనే అప్పగించే పద్ధతిని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. ప్రైవేటు బస్సో, స్కూలు బస్సో అయితే యాజమాన్యానికీ ఆర్టీఏకీ రాయండి.

నేను చెవి గోక్కుంటే ఫోన్ అని చలానా వచ్చింది. ఎలా?

ముందు ఫొటో చూడండి. 2021 ఆగస్టు నిబంధనల ప్రకారం కెమెరాతో పట్టుకున్న తప్పుకు 15 రోజుల్లోపు నోటీసు పంపాలి. చలానాతో పాటు తప్పును చూపే ఫొటో, స్థలం, తేదీ, సమయం ఉండాలి. చేతిలో ఫోన్ కనిపించకపోతే ఈ-చలానా వెబ్‌సైట్‌లోని ఫిర్యాదు విభాగంలో చలానా నంబరుతో రాయండి. ఆ సమయానికి మీ నంబరుకు కాల్ లేదని చూపే బిల్లు జత చేస్తే బలం చేకూరుతుంది. బండి అమ్మేసినా పేరు మార్పించుకోకపోతే కొన్నవాడి చలానా మీకే వస్తుంది, అది వేరే తలనొప్పి.

ప్రమాదం జరిగాక ఫోన్ వాడిన సంగతి బయటపడుతుందా?

పడవచ్చు. పోలీసులు టెలికాం కంపెనీ నుంచి కాల్ వివరాలు తెప్పిస్తే ఏ నిమిషంలో కాల్ మొదలైంది, ఎంతసేపు నడిచింది, ఏ టవర్ కింద ఉన్నారు అన్నీ ఉంటాయి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ ప్రకారం నిర్లక్ష్యంతో ఒకరి చావుకు కారణమైతే అయిదేళ్ల దాకా జైలు. పాత ఐపీసీలో అది రెండేళ్లే.

కానీ అన్ని కేసుల్లోనూ అంత లోతుగా చూడరు. కేంద్ర ప్రభుత్వ లెక్కల్లో 2021లో ఫోన్ వాడకం వల్ల జరిగినట్టు రాసినవి 1,997 ప్రమాదాలు, 1,040 మరణాలు. ఆ ఏడాది రోడ్ల మీద మొత్తం చనిపోయినవారు 1,53,972 మంది. ఫోన్ వాటా అంత తక్కువని ఏ చౌరస్తాలో అయిదు నిమిషాలు నిలబడినవారూ నమ్మరు. ఎఫ్‌ఐఆర్‌లో ‘అతివేగం, అజాగ్రత్త’ అని రాసేస్తే ఫోన్ మాట అందులో కలిసిపోతుంది.

బీమా సంగతి: మీ వల్ల దెబ్బతిన్నవారికి థర్డ్ పార్టీ పరిహారం ఫోన్ కారణంగా ఆగదు. మీరే దెబ్బతిని పరిహారం కోరితే, మీ నిర్లక్ష్యం కూడా ఉందని తేలినంత మేర ట్రిబ్యునల్ కోత పెట్టవచ్చు.

అమెరికా, బ్రిటన్‌లో చదువుకునే మా పిల్లలకు ఏ రూల్స్?

అమెరికాలో రాష్ట్రానికో చట్టం. కాలిఫోర్నియాలో చేత పట్టుకుని మాట్లాడటం 2008 జూలై నుంచే నిషేధం. చేతిలో ఉన్న ఫోన్‌లో మ్యాప్ చూసినా నేరమేనని అక్కడి అప్పీలు కోర్టు 2025లో తేల్చింది. జార్జియాలో 2018 జూలై నుంచి హ్యాండ్స్‌ఫ్రీ చట్టం ఉంది. టెక్సస్‌లో రాష్ట్రమంతటా ఉన్నది మెసేజ్‌లు టైప్ చేయడం, చదవడం మీద నిషేధం. ఆస్టిన్, శాన్ ఆంటోనియో లాంటి నగరాల్లో అంతకంటే కఠినం. బ్రిటన్‌లో 200 పౌండ్ల జరిమానా, లైసెన్స్ మీద ఆరు పెనాల్టీ పాయింట్లు. లైసెన్స్ వచ్చిన మొదటి రెండేళ్లలో ఆరు పాయింట్లు పడితే లైసెన్సే పోతుంది, అంటే ఒక్కసారి దొరికితే చాలు.

ఫోన్ కాకుండా ఇంకేవి?

టచ్‌స్క్రీన్‌లో ఏసీ మార్చడం, వెనక సీట్లో ఏడుస్తున్న బిడ్డ వైపు తిరగడం, బజ్జీలు తింటూ నడపడం, ప్రమాదం జరిగిన చోట మెడ తిప్పి చూస్తూ పోవడం. బిడ్డ ఏడుపు గంట సేపు భరించడం కంటే రెండు నిమిషాలు ఆగడం తేలిక.

ఇంట్లోవాళ్లు పదే పదే చేస్తుంటారు, ఎత్తకపోతే కంగారు పడతారు. ఏం చేయను?

బయల్దేరేటప్పుడే చెప్పండి: ‘అమ్మా, ఇప్పుడు బయల్దేరుతున్నా, సూర్యాపేటలో ఆగి నేనే చేస్తా, మధ్యలో ఎత్తను.’ లైవ్ లొకేషన్ పంపితే అడగాల్సిన అవసరమే సగం పోతుంది. చేసేవాళ్లూ ‘తిన్నావా’ కంటే ముందు ‘బండి మీదున్నావా’ అని అడగాలి. ‘అవును, పర్లేదు చెప్పు’ అన్నా సరే, ‘ఆగాక చెయ్యి’ అని అవతలివాళ్లే పెట్టేయాలి.